కంటోన్మెంటు బంగ్లా పొయ్యి: పాత పోత ఇనుప రేంజిని విప్పి, బాగుచేసి, మళ్లీ రాజేయడం

విజయనగరం కంటోన్మెంటులో ఒక పాత బంగ్లా పడగొడుతుంటే వంటింట్లోంచి ఈ పొయ్యి, అంటే ఓవెన్ కూడా కలిసున్న పోత ఇనుప రేంజి, బయటపడింది. తుక్కు కొనేవాడు అప్పటికే తూకం వేసేశాడు, 182 కిలోలు. అతను చెప్పిన ధర మీద కిలోకి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి ఆటో ట్రాలీలో పట్టుకొచ్చాను. పెరట్లో దింపాక మా మామ్మ చుట్టూ ఒక తిరుగు తిరిగి, "ఇదేటి నాయినా, ఇనపెట్టికి కాళ్లొచ్చినట్టుంది" అంది.

దాని తర్వాత మరో రెండు రేంజిలు, చాలా చిన్న బొగ్గు పొయ్యిలు నా చేతులమీదుగా వెళ్లాయి. మొదటిదాని మీద చేసిన తప్పులన్నీ తుప్పు మీద మోజుతో చేసినవే. ఎక్కడ తుప్పు కనిపిస్తే అక్కడ గీకాను, నల్లగా మెరిపించాను, రాజేస్తే ఇల్లంతా పొగ. రేంజి అంటే చుట్టూ ఇనుము కట్టిన ఒక పొగదారి. ఆ దారి బాగుంటే మిగతా పని నెమ్మదిగా చేసుకోవచ్చు.

పొగ ఎటు పోవాలి

మన మట్టిపొయ్యిలో మంట గిన్నె అడుగుని నాకి పక్కలమ్మట బయటికొచ్చేస్తుంది. రేంజిలో మంట ఒక పెట్టెలో బందీ. పైన పలక, ముందు తలుపు. ఇలా పైభాగం మూసిన రేంజికి 1802లో ఇంగ్లండులోని ఎక్సెటర్ ఊరి పోతపనివాడు జార్జ్ బాడ్లీ పేటెంటు తీసుకున్నాడు. తర్వాత మన దేశానికి ఓడల్లో వచ్చినవి చాలామట్టుకు దాని సంతానమే. నిప్పుగూటిలోంచి వేడిపొగ పైపలక కింద పాకి, ఓవెన్ నెత్తిమీదుగా దాటి, అవతలి పక్కన కిందికి దిగి, ఓవెన్ పొట్టకింద నుంచి తిరిగొచ్చి అప్పుడు పొగగొట్టం ఎక్కుతుంది. ఇంత చుట్టుదారి తిరగడం చల్లటి పొయ్యిలో పొగ వల్ల కాదు. అందుకే రాజేసేటప్పుడు పొగ నేరుగా గొట్టంలోకి పోయేలా డాంపరు అనే రేకుతలుపు ఉంటుంది. గొట్టం బాగా వేడెక్కాక దాన్ని మూస్తే పొగ చుట్టుదారి పడుతుంది, ఓవెన్ కాగుతుంది.

ఈ దారి తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఓవెన్ నెత్తిన బూడిద పేరుకుంటుంది, పొట్టకింద మసి పేరుకుంటుంది. ఆ మసి లాగడానికి ఓవెన్ తలుపు కింద అరచేయంత చిన్న మూత ఒకటి ఉంటుంది. తుప్పుతో అతుక్కుపోయి అలంకారం ముక్కలాగ కనిపిస్తుంది కాబట్టి చాలామంది దాన్ని తెరవనే తెరవరు. నా పొయ్యిలో ఆ మూత వెనక ఎలక గూడు, ఇటుక ముక్కలు, గట్టిపడిన మసి కలిపి ఒక తట్టెడు వచ్చింది.

కొనేముందు చూడాల్సినవి

చెక్క పిడితోగాని, పెద్ద నాణెంతోగాని ఒక్కో పలక మీద కొట్టి వినండి. బాగున్న పోత ముక్క గుడిగంటలాగ కాసేపు మోగుతుంది. పగులున్నది పగిలిన కుండలాగ టప్‌మని ఆగిపోతుంది. బోల్టులతో గట్టిగా బిగిసిన ముక్క బాగున్నా మోగదు, దానికి వేరే పరీక్ష ఉంది. అనుమానం ఉన్నచోట మసి తుడిచి డీజిలు రాయండి, పది నిమిషాలు ఆగి పొడిగుడ్డతో గట్టిగా తుడిచేయండి, మీద ముగ్గు పిండి పలచగా జల్లండి. పగులు ఉంటే లోపల దాగిన నూనె పైకి ఊరి, తెల్లటి పిండి మీద వెంట్రుక మందాన తడిగీత కనిపిస్తుంది. ఓవెన్ తలుపు మూల దగ్గర మొదటిసారి ఆ గీత చూసినప్పుడు నేను దాన్ని వేలితో మూడుసార్లు చెరిపాను. మూడుసార్లూ మళ్లీ వచ్చింది.

పైపలక మధ్యలో ఉండే అతుకు గీతలని చూసి పగుళ్లని భయపడకండి. వేడికి పలకలు సాగడానికి వదిలిన సందులవి. 60 సెంటీమీటర్ల పోత పలక 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2 మిల్లీమీటర్లు సాగుతుంది.

పైపలక పగిలినా, నిప్పుగూటి జల్లెడ (కట్టెల కింద ఉండే ఇనుప ఊచల చట్రం) కాలి వంగినా పరవాలేదు, ముక్క మార్చుకోవచ్చు. ఓవెన్ లోపలి పలక కాలి కాలి బొక్కలు పడి ఉంటే మాత్రం బేరం చెయ్యకండి. ఓవెన్‌లోకి పొగొస్తుంది, ఆ పలక మార్చాలంటే పొయ్యి మొత్తం విప్పాలి.

వయసు తెలుసుకోవాలంటే తలుపుల వెనక చూడండి. బ్రిటిష్ పొయ్యి మీద డైమండు ఆకారపు ముద్ర ఉంటే ఆ డిజైను 1842 నుంచి 1883 లోపు రిజిస్టరైనది. "ఆర్‌డి నంబరు" (Rd No, రిజిస్టరు నంబరు) అని అంకెలుంటే 1884 నుంచి ఇటుది. అది డిజైను వయసు మాత్రమే. ఒకే అచ్చుతో ఏళ్ల తరబడి పోతలు పోసేవారు.

ఏ నెలలో మొదలుపెట్టాలి

సంక్రాంతి దాటాక. నవ్వకండి, మన జిల్లాల్లో ఇది పెద్ద విషయం. కళింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలికి కడిగిన ఇనుము అరగంటలో కాషాయం కట్టేస్తుంది. వానాకాలంలోనూ, తుఫానుల అక్టోబరు నవంబరుల్లోనూ విప్పిన పొయ్యి ముక్కలు వాకిట్లో పరుచుకోవడం అంత తెలివితక్కువ పని లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఆ చుట్టుపక్కల తడిసిన ఇనుప సామాను చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఎండ కరకరలాడే రోజు చూసుకుని, పొద్దున్న కడిగి మధ్యాహ్నానికి నూనె పట్టించేలా పని పెట్టుకోండి.

విప్పడం

ముందు ఫోటోలు తీయండి. తలుపులు, పైపలకలు, జల్లెడ, బూడిద అర, విడిగా వచ్చేవన్నీ తీసేశాకే పొయ్యిని కదపండి. ఈడ్చొద్దు. కాళ్లు పక్కబలానికి తట్టుకోలేవు, విరిగేది ఎప్పుడూ కాలే. నలుగురు మనుషులు, కింద రెండు సరుగుడు దుంగలు ఉంటే చాలు. ప్రతి ముక్కకీ ఒక రేకుబిళ్ల మీద నంబరు గీకి బైండింగు వైరుతో కట్టండి. సుద్దతో రాసిన నంబర్లు మొదటి కడుగుకే పోయాయి నాకు.

పట్టేసిన బోల్టుల మీద బలం చూపొద్దు. బోల్టు చుట్టూ గ్యాస్ మంటతో వేడిచేసి, కొద్దిగా చల్లారాక కొవ్వొత్తి అంచు ఆనించండి. మైనం కరిగి మరల్లోకి జారుతుంది. రెండు మూడుసార్లు ఇలా చేసి, విప్పే వైపు కొంచెం, బిగించే వైపు కొంచెం ఆడించాలి. అప్పటికీ రాకపోతే తల కోసేసి, మిగిలిన మొలని డ్రిల్లుతో తొలిచి తీయడం మేలు. బోల్టు పది రూపాయలు, పలక దొరకదు.

మర గురించి ఒక మాట. బ్రిటిష్ పొయ్యిలో ఉన్నవి విట్‌వర్త్ అనే పాత అంగుళాల లెక్క మరలు, 55 డిగ్రీల కోణం. ఇప్పటి మిల్లీమీటరు బోల్టుల కోణం 60. రెండు సూతుల (సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) బోల్టు పోయిందని ఆరు మిల్లీమీటర్ల బోల్టు తెచ్చి తిప్పితే రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది, ఇంకొంచెం తిప్పితే పోత ఇనుములో మర చెడుతుంది. పాత హార్డ్‌వేర్ దుకాణంలో సూతుల లెక్కన అడగండి. రెండు సూతులకి అంగుళానికి 20 మరలు, రెండున్నరకి 18, మూడుకి 16.

ఇంకో సంగతి కూడా ఇక్కడే. తలుపుల అంచుల్లో, ఓవెన్ వెనక బూడిదరంగు తాడుగాని అట్టగాని కనిపిస్తే అది రాతినార, అంటే ఆస్బెస్టాస్ అయుండొచ్చు. పొడిగా గీకొద్దు, బ్రష్షు పెట్టొద్దు. నీళ్లతో ముద్దగా తడిపి, మాస్కు కట్టుకుని, ముక్కగా తీసి, ప్లాస్టిక్ సంచిలో రెండు పొరల్లో మూసి విడిగా పెట్టండి. పాత రంగులో సీసం ఉంటుంది కాబట్టి దాన్ని కూడా తడిపే గీకాలి. పిల్లలు ఆడుకునే చోట ఈ పని వద్దు.

తుప్పు

మసి పొడిగా ఉన్నప్పుడే దులిపేయండి. తడిస్తే తారులాగ అంటుకుంటుంది. తర్వాత జిడ్డు. చాకలి సోడా వేసిన వేడినీళ్లు, కొబ్బరిపీచు. అప్పుడు తుప్పు.

పెద్ద పలకలకి చేతి వైర్ బ్రష్షు, మొండి చోట్ల గ్రైండరుకి వైర్ కప్పు, కళ్లద్దాలు. కోతబిళ్ల, అరగదీసే బిళ్ల పెట్టొద్దు. పోత ముక్క పైన ఇసుక అచ్చులోంచి వచ్చిన గట్టి చర్మం ఉంటుంది, అది తుప్పుని చాలావరకు ఆపుతుంది. అద్దంలాగ చేద్దామని దాన్ని అరగదీస్తే ఏటా మీకు ఇదే పని. చిన్న గుంటల మచ్చలు ఉండనివ్వండి. పింగాణీ పూత ఉన్న తలుపులకీ, నికెల్ పట్టీలకీ వైరు తగలనివ్వకండి. మెత్తటి గుడ్డ, సుద్దపొడి చాలు.

నగిషీ ఉన్న తలుపులు, జల్లెడ ఊచలు, గుండ్రటి మూతలు బ్రష్షుకి లొంగవు. వాటికి కరెంటు తొట్టి. ప్లాస్టిక్ డ్రమ్ములో పది లీటర్ల నీళ్లకి 50 గ్రాముల చాకలి సోడా కలపండి. 12 వోల్టుల బ్యాటరీ చార్జరు ఋణధ్రువం పొయ్యి ముక్కకి, ధనధ్రువం పాత ఇనుప చువ్వకి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వ వాడితే నీళ్లలో విషపు క్రోమియం పుడుతుంది, ఆ పని చెయ్యొద్దు. కొత్తరకం చార్జర్లు బ్యాటరీ కనిపించకపోతే కరెంటు వదలవు, పాత మోటు చార్జరు అయితేనే పనికొస్తుంది. హైడ్రోజన్ బుడగలొస్తాయి కాబట్టి ఆరుబయట పెట్టండి, దగ్గర బీడీ కూడా వద్దు. మర్నాటికి తుప్పు నల్లటి మట్టిలాగ మారి బ్రష్షుకి ఊడొస్తుంది.

చింతపండు పులుసులో నానబెట్టొచ్చా అని అందరూ అడుగుతారు. పులుపు తుప్పుని తింటుంది, తుప్పు అయిపోయాక ఇనుముని తింటుంది. చింతపండైనా వెనిగరైనా అరగంట మించకుండా, మధ్యమధ్య తీసి చూస్తూ, చిన్న ముక్కలకే వాడండి. వెంటనే సోడా నీళ్లలో ముంచి తీయండి.

ఆఖరి కడుగు మంచినీళ్లతో. సముద్రానికి దగ్గర ఊళ్లలో బోరునీళ్లు ఉప్పగా ఉంటాయి. తుప్పు కింద ఉప్పు మిగిలితే ఎంత నల్లరంగు వేసినా లోపలినుంచి పొంగుతుంది. వాననీళ్లు పట్టి దాచుకున్నవి ఉంటే అదృష్టం. కడిగిన వెంటనే ముక్కని ఇంకో పొయ్యి మీద చెయ్యి పెట్టలేనంత వేడిచేసి ఆరబెట్టి, పలచగా నూనె రుద్దండి.

పగుళ్లు

ఓవెన్ పక్కపలక మీద జానెడు పొడుగు పగులుంది నా పొయ్యికి. పలకని ముందు సరిగా కూర్చోబెడదామని సుత్తి తీశాను. పక్కింటికి కొడవళ్లు సాన పెట్టడానికొచ్చిన కమ్మరి తాత గోడమీంచి చూసి కేకేశాడు: "ఏటి బాబూ, పోతముక్కని సుత్తితో కొడతన్నావు? గాజునాగ పగిలిపోద్ది!"

"పగులు అతికించాలి తాతా."

"ఇది నా కొలిమికి లొంగే రకం కాదు. సాగదు, వంగదు. ఇత్తడి పోసేవోడికాడికి ఎల్లు."

నేను వెళ్లలేదు. దగ్గర్లో గేట్లు చేసే ఒక వెల్డింగు షాపుకి ఇచ్చాను. మామూలు రాడ్డుతో పది నిమిషాల్లో అతికించి ఇచ్చారు, చూడ్డానికి బాగుంది. మర్నాడు పొద్దున్నకి అతుకుని ఆనుకుని కొత్త పగులు, పాతదానికన్నా పొడుగు. పోత ఇనుములో బొగ్గుసత్తు (కార్బన్) రెండు నుంచి నాలుగు శాతం ఉంటుంది. చల్లటి పలక మీద ఆర్క్ వెల్డింగు వేడి పడి గబుక్కున చల్లారితే అతుకు పక్క ఇనుము గాజంత పెళుసైపోతుంది.

చివరికి తాత చెప్పినట్టే చేశాను. పగులు రెండు కొసల్లోనూ మూడు మిల్లీమీటర్ల బొక్క వేయించాలి, లేకపోతే పగులు ముందుకు పాకుతుంది. పగులు పొడుగునా ఇంగ్లీషు వి (V) ఆకారంలో కాలవ తీయించి, పలక మొత్తాన్ని సమంగా వేడిచేయించి, గ్యాస్ మంటతో ఇత్తడి పోయించాలి. పోత ఇనుము కరిగేలోపే ఇత్తడి కరిగి పారుతుంది కాబట్టి పలకకి దెబ్బ తక్కువ. తర్వాత అసలు పని: పలకని వేడివేడి బూడిదలోనో ఇసకలోనో పాతిపెట్టి మర్నాటిదాకా వదిలేయాలి. తొందరపడి బయటికి తీస్తే మళ్లీ మొదటికొస్తుంది. నిప్పు నేరుగా తగిలే నిప్పుగూటి పలకలకి మాత్రం ఇత్తడి నిలవదు, ఆ ముక్క కొత్తది పోయించడమే.

బరువు మొయ్యని చిన్న బొక్కలకి పాతకాలపు తుప్పు లప్పం ఉంది: మెత్తటి ఇనప రజను 80 పాళ్లు, గంధకం 2 పాళ్లు, నవాసాగరం (అమ్మోనియం క్లోరైడు) ఒక పాలు. నవాసాగరం కళాయి వేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది. నీళ్లు చిలకరించి తడి ఇసకలాగ చేసి బొక్కలో ఉలితో దట్టించాలి. అది తుప్పుపట్టి ఉబ్బి రాయిలాగ బిగుస్తుంది. ఇన్నాళ్లూ తుప్పుతో పోరాడి ఇక్కడ దాన్ని కూలికి పెట్టుకోవడం నాకు సరదాగా ఉంటుంది.

కొత్త ముక్క పోయించాలంటే విరిగిన పాతదాన్నే అచ్చుగా ఇచ్చేయకండి. పోత ఇనుము చల్లారేటప్పుడు సుమారు ఒక శాతం కుంచించుకుపోతుంది. 30 సెంటీమీటర్ల జల్లెడ 3 మిల్లీమీటర్లు పొట్టిగా వచ్చి గాడిలోంచి జారిపోతుంది. వడ్రంగిచేత టేకు చెక్కతో ఆ మేరకు పెద్ద అచ్చు చేయించి పోతపని షెడ్డుకి ఇవ్వండి.

మళ్లీ కూర్చడం

పలక పలకకీ మధ్య సందులో ఫైర్ క్లే (నిప్పుకి తట్టుకునే మట్టి), సోడియం సిలికేటు కలిపిన లప్పం రాయాలి. పాత లప్పం మొత్తం గీకేయండి, దానిమీద కొత్తది పట్టదు. సందుని తడిగుడ్డతో తుడిచి, వేలితో నొక్కి నింపి, బోల్టుని చేతికి బిగుతనిపించేదాకా తిప్పి ఆపండి. ఇంకో అరచుట్టు తిప్పాలని చెయ్యి లాగుతుంది. ఆ అరచుట్టే వేడికి పలకని చీలుస్తుంది. మరలకి గ్రాఫైటు గ్రీజు పూస్తే పదేళ్ల తర్వాత విప్పేవాడు మిమ్మల్ని దీవిస్తాడు. తలుపులకి పాత రాతినార తాడు బదులు గాజునార తాడు.

నిప్పుగూటిలో ఇటుకలు మామూలువి కాదు, ఫైర్ బ్రిక్స్ పెట్టాలి. ఇటుకకీ ఇనుముకీ మధ్య ఒక పొర అట్టముక్క పెట్టి కూర్చండి. మొదటి మంటకే అట్ట కాలిపోయి సాగడానికి సందు మిగులుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. రాత్రి లైట్లన్నీ ఆర్పి, పొయ్యి లోపల టార్చి వెలిగించి పెట్టి తలుపులు మూయండి. వెలుతురు గీతలుగా బయటికొచ్చిన ప్రతి చోటా పొగ వస్తుంది, లేదా అక్కర్లేని గాలి లోపలికి పోతుంది. నా పొయ్యి మొదటిసారి దీపావళి నాటి చిల్లుల కుండలాగ వెలిగింది. సుద్దతో గుర్తు పెట్టుకుని మర్నాడు పూడ్చాను, మళ్లీ టార్చి పెట్టాను. మూడో రాత్రికి చీకటి.

నలుపు

బయటి ఒంటికి గ్రాఫైటు పొడి. కొంచెం నువ్వుల నూనెతో ముద్ద చేసి, బూటు బ్రష్షుతో పలచగా రాసి, ఆరాక ఇంకో బ్రష్షుతో రుద్దితే పెన్సిలు ముల్లు మెరుపు వస్తుంది. మన తూర్పు కనుమల ఖొండలైటు రాళ్లలో మెరిసే నల్లటి పొరలు కూడా ఈ గ్రాఫైటువే. వేడి తట్టుకునే సిల్వరు పెయింటు కూడా అమ్ముతారు. నాకు నచ్చదు, పొయ్యి రైలు ఇంజను బొమ్మలాగ తయారవుతుంది.

గిన్నెలు, అట్లు తగిలే పైపలకకి గ్రాఫైటు వద్దు, నూనె పట్టించాలి. పెనానికి చేసినట్టే. పలక వెచ్చగా ఉండగా నూనె రాసి, పొరపాటున రాశామేమో అన్నంత గట్టిగా తుడిచేసి, పొగ వచ్చి ఆగేదాకా కాల్చాలి. మూడు నాలుగు సార్లు. ఎక్కువ నూనె పోస్తే బంకలాగ గట్టిపడి అట్టుకి అంటుకుంటుంది. రంగుల దుకాణంలో దొరికే బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్‌లో ఆరబెట్టే లోహలవణాలు కలుపుతారు, వంటచోటికి అది పనికిరాదు.

నిలబెట్టడం, రాజేయడం

కింద నాపరాళ్లు. గొట్టానికీ వాసాలకీ, చెక్కకీ మధ్య కనీసం 45 సెంటీమీటర్ల దూరం. తాటాకు, గడ్డి కప్పు కింద పెట్టే ఆలోచనే వద్దు. గొట్టం నిలువు నాలుగున్నర మీటర్లు, ఇంటి కొప్పుకన్నా రెండడుగులు పైకి. అంతకు తగ్గితే తూర్పుగాలి తిరిగినప్పుడు పొగ వెనక్కి తంతుంది. కిటికీ తెరిచి వండాలి. తలుపులు బిగించిన గదిలో బొగ్గు నిప్పు వదలడం ప్రాణాంతకం, దాన్లోంచి వచ్చే విషపు గాలికి వాసన ఉండదు.

అగరుబత్తి వెలిగించి నిప్పుగూటి తలుపు దగ్గర పట్టండి. పొగ లోపలికి వంగితే గొట్టం లాగుతోంది. వంగకపోతే గొట్టం అడుగున ఒక కాగితం మండించి గొట్టాన్ని వెచ్చబెట్టి మళ్లీ చూడండి.

మొదటి రోజు కొబ్బరిపీచు, చితుకులు, డాంపరు తెరిచి, అరగంట. అంతే. పలకల్లో, లప్పంలో తడి ఇంకా ఉంటుంది, సందుల్లోంచి ఆవిరి బుసబుసలాడుతుంది. రెండో రోజు గంట. మూడో రోజు సరుగుడు కట్టెలతో అసలు మంట. గొట్టం వేడెక్కాక డాంపరు మూయండి, పావుగంటకి ఓవెన్ గోడ అన్ని వైపులా వెచ్చబడాలి. ఒక వైపే చల్లగా ఉంటే ఆ పక్కన దారిలో ఇంకా మసి ఉన్నట్టే. వేడి పలక మీద గంజి పొంగి పడితే పొడిగుడ్డతో తుడవండి, చెంబుతో నీళ్లు పొయ్యకండి.

సరుగుడు, జీడిమామిడి కట్టెలు బాగా ఎండినవి మంచివి. కొబ్బరి చిప్పలు వేడెక్కువ, ఒకేసారి రెండు మూడు మించొద్దు, లేకపోతే జల్లెడ వంగిపోతుంది. పలాస వైపు జీడిపిక్కల తొక్కలు చవగ్గా వస్తాయి కదా అని వేయకండి. వాటి నూనె పొగ కళ్లనీ చర్మాన్నీ మండిస్తుంది, ఆ జిగురు గొట్టమంతా పట్టుకుంటుంది.

మా పొయ్యి మీద మామ్మ మొదట చోడి అంబలి కాచింది, ఓవెన్‌లో చిలగడదుంపలు పెట్టించింది. దుంపలు ఒకవైపు మాడాయి. నిప్పుగూటి వైపు ఎప్పుడూ వేడి ఎక్కువే, సగంలో పళ్లెం తిప్పాలి.

వాన రోజుల్లో పొయ్యి వాడకపోతే బూడిద మొత్తం తీసేయండి. బూడిద తేమని పట్టి జల్లెడని తినేస్తుంది. గొట్టం నెత్తిన రేకు టోపీ ఉందో లేదో చూసి, పైపలకకి నూనె రాసి, లోపల గాలాడేలా డాంపరునీ ఓవెన్ తలుపునీ కాస్త తెరిచి ఉంచండి.